నిండు గ్లాసు

"నిండా పొయ్యి," అన్నాడు పెద్దల్లుడు. "ఇంకా. అంచు దాకా."

అతని భార్య బిందె వంచి పోసింది. స్టీలు గ్లాసులో నీళ్ళు అంచు దాటి, ఒలకడానికి మొహమాటపడుతున్నట్టు కాస్త ఉబ్బి నిలబడ్డాయి. ఎందుకని ఆమె అడగలేదు. మొగుడు నీళ్ళు తెమ్మంటే దాహమేననుకుంది.

పెద్దల్లుడు ఆ నీళ్ళు తాగలేదు. తోడల్లుడి చేతికిచ్చాడు.

"పట్టుకో తమ్ముడూ. చెయ్యి బారుగా చాపు. మోచెయ్యి వంచకూడదు."

చిన్నల్లుడు అప్పుడే లారీ దిగాడు. చీకటితో బయల్దేరి, సిమెంటు బస్తాలు దింపించి, ఎండలో పడి తోలుకొచ్చిన మనిషి. స్టీరింగు పట్టుకున్న వంపు అతని వేళ్ళను ఇంకా వదల్లేదు.

"ఇదేంటన్నయ్యా?"

"టెస్టు. లారీకి అన్నీ చేశాను. ఇంక మిగిలింది నువ్వే."

లారీ అత్తగారిది. చిన్నల్లుడు తోలాలి, పెద్దల్లుడు తన షెడ్డులో బాగుచెయ్యాలి, ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇద్దర్నీ సమానంగా అనుమానించాలి. ఇదీ ఆ ఇంటి ఏర్పాటు. ఆవిడ ఇప్పుడు ఆ కుర్చీలోనే ఉంది. కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

కొంతకాలంగా లారీ వేగం అందుకుంటే చాలు, వణుకుతోందని చిన్నల్లుడి ఫిర్యాదు. పెద్దల్లుడు ముందు చక్రాలు బ్యాలెన్సు చేయించాడు. టైర్లు అటువి ఇటు మార్చాడు. బేరింగులు విప్పి కడిగాడు. స్టీరింగు రాడ్లు పట్టుకుని ఊపి ఊపి చూశాడు. "స్టీరింగులో కాదన్నయ్యా, సీటు కింద" అని చిన్నల్లుడు చెబుతూనే ఉన్నాడు. చెప్పేవాడు చిన్నల్లుడు గనక పెద్దల్లుడు సీటు కింద తప్ప అన్నిచోట్లా వెతికాడు. అదీగాక సీటు కింద నుంచి వెనక చక్రాల దాకా పోయేది షాఫ్టు. దాని చివర కీలుకి ఈమధ్యే కొత్త క్రాసు వేసి, తన చేత్తో తనే బిగించాడు. తన చెయ్యి పడిన చోట మళ్ళీ చూడడం అతనికి అలవాటు లేదు.

చిన్నల్లుడు గ్లాసు పట్టుకుని చెయ్యి చాపాడు. ఫిట్టర్లు చేతిలో పని ఆపి చుట్టూ చేరారు. ముందు ఏమీ జరగలేదు. తరవాత నీళ్ళ మీద సన్నగా ఒక వలయం పుట్టింది. దాని వెనక ఇంకొకటి. తరవాత ఒక చుక్క జారి అతని బొటనవేలి మీదుగా నేలమీద పడింది.

"చూశారా అత్తయ్యా?" అన్నాడు పెద్దల్లుడు. "బండి పాపం ఏం చేస్తుంది? పట్టుకున్న చేతులు వణికితే బండీ వణుకుతుంది."

ఒక ఫిట్టరు నవ్వాడు. నవ్వకూడదేమోనని ఇంకొకడు దగ్గాడు.

"ఆ బండిలో రెండు ఊళ్ళు దాటి రా అన్నయ్యా. చేతులేం ఖర్మ, పళ్ళు కూడా వణుకుతాయి," అన్నాడు చిన్నల్లుడు. గ్లాసు మాత్రం దించలేదు. దించితే ఓడిపోయినట్టు. దించకపోతే ఒలికిపోతోంది.

"సాయంత్రాలు ఏం పుచ్చుకుంటున్నావో నేను అడగడం లేదులే. పెద్దవాళ్ళున్నారు."

"నేను తాగనని నీకూ తెలుసు."

"నాకు తెలుసు. గ్లాసుకి తెలియదుగా."

భోజనం క్యారియరు పట్టుకుని అప్పుడే లోపలికొచ్చిన మరదలు, చిన్నల్లుడి భార్య, ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది. క్యారియరు బల్ల మీద పెట్టి, నేరుగా వచ్చి మొగుడి చేతిలోంచి గ్లాసు లాక్కుంది. నీళ్ళు గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసును బావగారి పనిముట్ల పెట్టె మీద బోర్లించింది. స్టీలు మీద ఆమె గోళ్ళు ఎర్రగా, చిలకముక్కు రంగులో మెరిశాయి.

"ఇంకేమైనా టెస్టులున్నాయా బావగారూ? ఒంటికాలి మీద నిలబెట్టాలా? గుడ్డిగా సూదిలో దారం ఎక్కించాలా?"

"నువ్వు మధ్యలో రాకమ్మా. ఇది మెకానిజం."

"ఇది మెకానిజమైతే మా ఇంట్లో పప్పు గిలక్కొట్టడం ఇంజనీరింగు."

అత్తగారు చెయ్యెత్తింది. అందరూ ఆగారు. ఆవిడకు కోపమొస్తే అల్లుళ్ళ మీద మర్యాద రెట్టింపవుతుంది.

"చిన్నల్లుడుగారూ, తమరు రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. వేరే డ్రైవర్ని పెట్టి తోలిస్తాను. అతనికీ వణికితే తప్పు బండిది. వణక్కపోతే మాత్రం, ఏమీ అనుకోకండి, ఇక ఆ సీటు తమరిది కాదు."

చేతులు వణికే డ్రైవరని ఒకసారి పేరొచ్చాక ఈ లారీయే కాదు, ఊళ్ళో ఎవడూ తోపుడుబండి కూడా ఇవ్వడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దల్లుడికి ఇంకాస్త బాగా తెలుసు. చిన్నల్లుడు తాళాలు తీసి అత్తగారి ఒళ్ళో పెట్టి, తడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ బయటికి నడిచాడు. క్యారియరు బల్ల మీదే ఉండిపోయింది.

పెద్దల్లుడి భార్య బోర్లించిన గ్లాసు తీసుకుని, షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఆ సాయంత్రం మొగుడితో ఒక్కమాట మాట్లాడలేదు. లారీ గొడవలో పడి అతనది గమనించలేదు. గమనించి ఉంటే ప్రశాంతంగా ఉందనుకునేవాడు.

మర్నాడు మధ్యాహ్నం మరదలు ఒక సంచీ పట్టుకుని షెడ్డుకి వచ్చింది. క్యాబిన్లో మొగుడి దుప్పటి, చొక్కాలు, అద్దం, దువ్వెన ఉన్నాయట.

"తీసుకో అమ్మా, తీసుకో. కిరాయి డ్రైవరు సాయంత్రానికి వస్తాడు. సీటు దులిపి పెట్టు," అన్నాడు పెద్దల్లుడు.

"దులుపుతాను బావగారూ. మీరు భోంచేసి రండి. అక్క పిలుస్తోంది."

నిజంగానే పిలుస్తోంది. నిన్నటి మౌనం పోయి, ఆ పూట భార్య వడ్డనలో ఎన్నడూ లేని శ్రద్ధ కనపడింది. ఇంకొంచెం వేసుకోండి, పెరుగు తీస్తున్నాను, నెమ్మదిగా తినండి, షెడ్డు ఎక్కడికీ పారిపోదు. ఆమె కోపం పోయిందని పెద్దల్లుడు సంతోషించి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఫిట్టర్లు కూడా వాళ్ళ డబ్బాలు పట్టుకుని వీధి అవతల నీడకి పోయారు.

అతను చెయ్యి తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి మరదలు లారీ కింద నుంచి బయటికి పాకుతోంది. మోచేతికి గ్రీజు, జడకి మట్టి, భుజాన సంచీ. షెడ్డులో ఘాటుగా వాసన. రంగులవాడు థిన్నరు డబ్బా మూత పెట్టలేదు కాబోలనుకున్నాడు.

"అదేంటమ్మా, లారీ కింద నీకేం పని?"

"ఆయన చెప్పు ఒకటి పడిపోయింది బావగారూ. వెతుకుతున్నాను."

"దొరికిందా?"

"దొరుకుతుంది," అంది మరదలు, మోచెయ్యి తుడుచుకుంటూ.

కిరాయి డ్రైవరు మాటల్లో పొదుపరి. మర్నాడు మూడు జాములు తోలి, ఇంకా ఎండ ఉండగానే లారీ తెచ్చి షెడ్డులో పెట్టాడు. దిగి, నడుము మీద చెయ్యి వేసుకుని, కాసేపు బండిని ఎగాదిగా చూశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు పెద్దల్లుడు.

"మూలుగుతోంది."

"అంటే?"

"సీటు కింద సార్. వేగం అందుకునేసరికి ఎవడో కింద కూర్చుని పళ్ళు కొరుకుతున్నట్టుంది. స్టీరింగులో ఏమీ లేదు. క్లచ్చి తొక్కి బండిని దొర్లనిచ్చి చూశాను, ఆ మూలుగు ఆగలేదు. అంటే ఇంజను కాదు. వెనక్కి పోయే సరుకులో ఉంది రోగం."

పెద్దల్లుడు గుమ్మం వైపు చూశాడు. అత్తగారు ఇంకా రాలేదు.

"ఆవిడకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. రోడ్డు బాగోలేదు, బండి ఖాళీగా ఉంది, అందుకని ఎగిరింది. రేప్పొద్దున ఆవిణ్ణి ఎక్కించుకుని పెద్దరోడ్డు మీద తిప్పుదువుగాని. అప్పుడు చెబుదువు."

"రోడ్డంటారా?" డ్రైవరు బండిని, మనిషిని మార్చి మార్చి చూశాడు. "మీరు రోడ్డంటే రోడ్డే." కిరాయికొచ్చినవాడు, అభిప్రాయాలు మాత్రం సొంతానికి ఎందుకుంచుకుంటాడు?

పెద్దల్లుడు ఫిట్టర్లని పెందరాళే ఇంటికి పంపేశాడు. వాళ్ళు ఆశ్చర్యపోయి, అతను మనసు మార్చుకునేలోగా వెళ్ళిపోయారు. వెనక చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టాడు. గోనెసంచి పరుచుకుని, వైరుబ్రష్షు, కిరసనాయిలు గుడ్డ పక్కన పెట్టుకుని లారీ కిందికి జరిగాడు.

ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకుపోయే ఆ షాఫ్టు ఒకే ముక్క కాదు. పళ్ళున్న గొట్టంలోకి పళ్ళున్న కడ్డీ జారి కూర్చుంటుంది. ఏ పంట్లోనైనా కూర్చుంటుంది, అదే దాని దుర్గుణం. తప్పు పంట్లో కూర్చుంటే రెండు చివర్ల క్రాసులూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. అందుకే తయారుచేసినవాడు రెండు ముక్కల మీదా ఒక్కో బాణం గుర్తు కొట్టి పంపిస్తాడు. బాణం బాణానికి ఎదురుగా ఉండాలి.

పెద్దల్లుడు బ్రష్షుతో గీకాడు. మట్టి రాలి మొహాన పడింది. ఒక బాణం కనబడింది. గుడ్డతో తుడిచాడు. రెండోది దాని ఎదురుగా లేదు. ఇంకా తుడుచుకుంటూ పక్కకి పోగా పోగా, అదిగో, అక్కడ కనబడింది. రెండు బాణాలూ పెడమొహం పెట్టుకుని ఉన్నాయి, ఆ ఇంటి అల్లుళ్ళలాగే.

ఈ కడ్డీ ఎక్కించిన రోజు గుర్తొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల చిన్నల్లుడు, బండి ఇంకా ఎంతసేపని. ఇవతల తను, నువ్వు తోలడం నేర్చుకో, నాకు బిగించడం నేర్పకు అని. ఆ మాటతోపాటే కడ్డీని ఒక్క తోపు తోశాడు. మాటా దిగింది, కడ్డీ దిగింది.

సిగ్గు రావాలి. రాలేదు. ముందు వచ్చింది, ఎవరూ చూడలేదన్న ధైర్యం. కొత్త సామాను అక్కర్లేదు. విప్పి, తిప్పి, ఎక్కిస్తే చాలు. రేపు అత్తగారు ఎక్కుతుంది, లారీ పూలరథంలా పోతుంది. డ్రైవరు మారాడు, వణుకు పోయింది. మిగతాది ఆవిడే అనుకుంటుంది. తను అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

వెనక బోల్టులు ఊడదీశాడు. షాఫ్టు చివరను భుజం మీదికి దించుకుని, కడ్డీని బయటికి లాగాడు. కొత్త గ్రీజు పూశాడు. బాణానికి బాణం చూసుకుని, ఈసారి ఎవరితోనూ పోట్లాడకుండా, మెల్లగా లోపలికి జార్చాడు. బోల్టులు బిగించాడు. పైకి పొంగిన గ్రీజును గుడ్డతో ఒత్తి తుడిచాడు.

గుడ్డ కింద ఎర్రగా ఏదో మెరిసింది.

టార్చి దగ్గరగా పట్టాడు. గొట్టం అంచున చిటికెన వేలంత ఎర్రగీత. అది అంచు దగ్గర టక్కున తెగిపోయింది. దాని రెండో సగం కడ్డీ మీద, పక్కకి జరిగి ఉంది. కడ్డీ పాత పంట్లో ఉంటే రెండూ కలిసి ఒకే గీత. చిలకముక్కు రంగు.

తల తిప్పి చూశాడు. కమాను పట్టీల బోల్టు మీద గీత. ఇంజను దిమ్మ మీద గీత. స్టీరింగు రాడ్డు మీద, చక్రాల నట్ల మీద, అతని కళ్ళు పడిన ప్రతి కీలు మీదా ఓపిగ్గా, తిన్నగా, కుంచె అంచుతో లాగిన గీత. అన్నీ అతుక్కునే ఉన్నాయి. తెగింది ఇదొక్కటే.

రోగం ఎక్కడుందో మరదలికి తెలియదు. తెలియక్కర్లేదు కూడా. ఈ డాక్టరు చాటుగా ఎక్కడ మందు వేస్తాడో చూస్తే చాలు.

పెద్దల్లుడు గోనెసంచి మీద అలాగే పడుకుని ఆలోచించాడు. కడ్డీని మళ్ళీ పాత పంట్లోకి తిప్పితే గీత కలుస్తుంది, కాని రేపు అత్తగారి కింద సీటు వణుకుతుంది. ఇలాగే వదిలేస్తే సీటు వణకదు, గీత కలవదు. రెండూ దక్కాలంటే ఒకటే దారి. ఈ గీత థిన్నరుతో చెరిపి, అదే రంగుతో మళ్ళీ గియ్యాలి. లారీ కిందనుంచి పాకి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఇంట్లోకి నడిచాడు.

భార్య బట్టలు మడతపెడుతోంది.

"నీ దగ్గర గోళ్ళరంగు ఉందా?"

ఆమె తలెత్తింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమె గోళ్ళ గురించి మాట్లాడడం అదే మొదలు.

"ఎందుకు?"

"ఒక బోల్టుకి గుర్తు పెట్టాలి. ఎర్రది కావాలి. చిలకముక్కు ఎరుపు."

"బోల్టుకి ఏ ఎరుపైతేనేం?"

"అదే కావాలి."

ఆమె దిండు గలీబు నాలుగు మడతలు వేసి, మడత మీద అరచెయ్యి పెట్టి ఇస్త్రీ చేసినట్టు ఒత్తింది.

"గుర్తు పెట్టడానికా, చెరిపిన గుర్తు మళ్ళీ పెట్టడానికా?"

పెద్దల్లుడు గోళ్ళ సందుల్లో గ్రీజు గీక్కోవడం మొదలుపెట్టాడు.

"ఆ రంగు సీసా నాదే. చెల్లి అడిగితే మొన్న ఇచ్చాను. దాని దగ్గరున్నది అడుగంటిపోయిందట, లారీకి చాలదంది."

"నీకు తెలుసా?"

"ఇంకొంచెం పెరుగు వేసుకోమని ఎవరన్నారు మరి?"

అతను మంచం అంచున కూలబడ్డాడు. "సొంత మొగుణ్ణి..." అని మొదలుపెట్టాడు గాని, ఆ వాక్యాన్ని ఎటు తీసుకెళ్ళినా చివర తనే తగులుతున్నాడు.

"మీ ఇద్దరూ కొట్టుకు చావండి, నాకేం," అంది ఆమె. గొంతు పెంచలేదు. "కాని ఆ నీళ్ళు నా చేత తెప్పించారు. నిండా పొయ్యి, ఇంకా పొయ్యి అని నా చేత పోయించారు. నాకు తెలిసుంటే సగమే పోసేదాన్ని." మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని బీరువా వైపు నడిచింది. "దుకాణాలు తెరిచే ఉన్నాయి. వెళ్ళి వెతుక్కోండి. ఆ రంగు ఇప్పుడు రావడం లేదట, అయినా చూడండి."

అతను వెళ్ళలేదు. ఆ పూట వడ్డనలో శ్రద్ధ కూడా లేదు.

పొద్దున్నే అత్తగారు కిరాయి డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. లారీ పెద్దరోడ్డు ఎక్కింది. షెడ్డులో ఫిట్టర్లు పని చేస్తున్నట్టు సామాను చప్పుడు చేస్తూ చెవులు గుమ్మం వైపు పెట్టారు. చిన్నల్లుడు లోపలికి రాలేదు. వీధిలోనే గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. మరదలు మాత్రం వచ్చింది. భుజాన అదే సంచీ, చేతిలో టార్చి. పట్టపగలు టార్చి ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే మనిషి ఒక్కడే ఉన్నాడు, అతనికి తెలుసు.

లారీ తిరిగొచ్చింది. అత్తగారు మెట్టు మీద కాలు పెట్టి నెమ్మదిగా దిగింది.

"కళ్ళజోడు తీసి క్యాబిన్లో అద్దం ముందున్న బల్ల మీద పెట్టాను. పెట్టినచోటే ఉంది, కదల్లేదు," అంది. "డ్రైవరుగారూ, వణికిందా?"

"ఇవాళ లేదమ్మా," అన్నాడు కిరాయి డ్రైవరు, పెద్దల్లుణ్ణి చూస్తూ. 'ఇవాళ' అన్న మాట కాస్త బరువుగానే దింపాడు.

అత్తగారు తన కుర్చీలో కూర్చుంది. గేటు వైపు చూసింది. "అయితే చేతులేనన్నమాట."

చిన్నల్లుడు గేటు మీది నుంచి వీపు తీశాడు. మరదలు టార్చి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. వంగలేదు. బావగారి మొహంలోకి చూస్తూ నిలబడింది. వంగడానికి తొందరేముంది?

అప్పుడే పెద్దల్లుడి భార్య ఇంట్లోంచి వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు. అంచు దాకా నీళ్ళు. ఒక్క చుక్క ఒలక్కుండా, నేల చూడకుండా, నడిచొచ్చి మొగుడి ముందు ఆగింది.

"తాగండి. పొద్దుట్నుంచి గొంతు ఆరిపోయుంటుంది."

అతను పట్టుకున్నాడు. నీళ్ళ మీద సన్నటి వలయం పుట్టింది. దాని వెనక ఇంకొకటి. బొటనవేలు తడిసింది. షెడ్డులో సామాను చప్పుడు ఆగిపోయింది.

"చేతులే అత్తయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట దగ్గర ఆగిపోవచ్చు. ఇంకా ఎవరూ వంగి చూడలేదు.

"చేతులే. కాకపోతే నావి. షాఫ్టు తప్పు పంట్లో ఎక్కించాను. నిన్న సరిచేశాను. అతను చెప్పింది నిజమే, సీటు కిందే."

అత్తగారు కిరాయి డ్రైవరు వైపు చెయ్యి చాపి తాళాలు తీసుకుని, గేటు వైపు ఎత్తి పట్టుకుంది. "చిన్నల్లుడుగారూ, తమరి తాళాలు." తిరిగి ఇటు చూసింది. "పెద్దల్లుడుగారూ, తమరు ఆ నీళ్ళు తాగేయండి. ఒలికిపోతున్నాయి."

చిన్నల్లుడు వచ్చి తాళాలు అందుకున్నాడు. తోడల్లుడి వైపు చూడలేదు. క్షమించానని గాని, లేదని గాని అనలేదు. క్యాబిన్ ఎక్కి, సీటు తనకు సరిపడా ముందుకు జరుపుకుని, తలుపు గట్టిగా వేశాడు. ఆ చప్పుడుకి ఒక ఫిట్టరు చేతిలో స్పానరు జారిపోయింది.

"ఒక్క నిమిషం ఆగు, స్టార్టు చెయ్యకు," అని మొగుడికి కేక వేసి, మరదలు సంచీలోంచి చిన్న సీసా తీసింది. లారీ కింద గోనెసంచి నిన్నటిలాగే పరిచి ఉంది. దాని మీద పడుకుని లోపలికి జరిగింది.

"ఇంకెందుకమ్మా?" అన్నాడు పెద్దల్లుడు. "చెప్పేశానుగా."

"చెప్పారు. మళ్ళీ సర్వీసు వస్తుందిగా బావగారూ." మూత తిప్పిన చప్పుడైంది, ఘాటు వాసన వచ్చింది. "మిగతావి అలాగే ఉన్నాయి. ఇదొక్కటే కొత్తగా గియ్యాలి. ఇక్కడ చీకటిగా ఉంది, కాస్త టార్చి పట్టండి."

అతను గ్లాసు కింద పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, లారీ కిందికి వెలుతురు పంపించాడు. బాణం బాణానికి ఎదురుగా ఉన్న చోట, గొట్టం మీంచి కడ్డీ మీదికి, కుంచె మెల్లగా బయల్దేరి మధ్యలో ఆగింది.

"చెయ్యి కదపకండి బావగారూ," అంది మరదలు. "గీత వంకర పోతోంది."